కాగితాల వెంట కళింగాంధ్రలో

శుక్రవారం, శ్రీకాకుళం

శ్రీకాకుళం వెళ్లే రైలు శ్రీకాకుళంలో ఆగదు. ఆమదాలవలసలో దిగాలి. స్టేషను బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్డు’ అని ఉంటుంది. అక్కడి నుంచి బస్సెక్కి పట్నం చేరాను. గదిలో సంచి పెట్టి, టిఫిను కానిచ్చి, నేరుగా విశాఖ ఎ కాలనీకి ఆటో మాట్లాడుకున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గతం ఎక్కడెక్కడ దాగి ఉందో, దాన్ని ఎవరు కాపాడుతున్నారో చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాజుల సంగతులు ఏదో ఒక గెజిటీరులో దొరుకుతాయి. మామూలు మనుషులు ఏం చదివారు, ఏం రాసుకున్నారు, ఎవరికి ఎంత బాకీ పడ్డారు అన్నవి మాత్రం సర్కారు దస్త్రాల్లో ఉండవు. అవి ఇళ్లలో ఉంటాయి, గుళ్లలో ఉంటాయి, ఎవరో ఒకరు పట్టుబట్టి పోగుచేసిన గదుల్లో ఉంటాయి. అలాంటి పట్టుదలకు ఈ ప్రాంతంలో మొదట చెప్పవలసిన పేరు ఈ కాలనీలోని కథానిలయం.

కాళీపట్నం రామారావుగారు, అందరికీ తెలిసిన పేరుతో కారా మాస్టారు, తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న దీన్ని ప్రారంభించారు. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది ఆయన సంకల్పం. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఒక జీవితం చాలని పని. కథల్లో పుస్తకాలకు ఎక్కేవి కొన్నే. మిగిలినవన్నీ వారపత్రికల్లో, మాసపత్రికల్లో, దీపావళి సంచికల్లో అచ్చయి, నెల తిరగకుండానే పాత కాగితాల కొట్టుకు చేరతాయి. గ్రంథాలయాలు కూడా పుస్తకాలను దాచినట్టు పత్రికలను దాచవు. అందుకే మాస్టారు పత్రికల వెంట పడ్డారు. రచయితలకు ఉత్తరాలు రాశారు. మీ కథలు పంపండి, మీ ఊరు, పుట్టిన తేదీ, కలంపేరు, ఫొటో పంపండి అని అడిగారు. 2021 జూన్‌లో కన్నుమూసే నాటికి తొంభై ఆరేళ్ల వయసు. నిలయం మాత్రం ఆగలేదు.

గోడల మీద కథకుల ఫొటోలు, బీరువాల్లో కట్టలు కట్టలుగా పత్రికలు. యుద్ధకాలం నాటి ఒక సంచిక అడిగి తీయించుకున్నాను. అంచులు బెల్లం రంగుకు తిరిగాయి. నడుమ గుచ్చిన పిన్ను తుప్పుపట్టి కాగితానికి రెండు ఎర్రటి కన్నాలు పెట్టింది. నాకు చూపిస్తున్నాయన పేజీని వేళ్లతో తిప్పలేదు. ఒక పోస్టుకార్డు అడుగుకు తోసి, దాని మీద పేజీ మొత్తాన్ని పైకెత్తి పక్కకు వాల్చారు. ఆ చేతివాటం చూశాక నేను ముట్టుకోవడమే మానేశాను. నేను వెతికిన కథకు ముందు పేజీలో తలనొప్పి మందు ప్రకటన, కొత్త గ్రామఫోను రికార్డుల జాబితా, కాగితం దొరకడం లేదు కాబట్టి ఈ నెల పుటలు తగ్గించామని చందాదారులకు సంపాదకుడి విన్నపం. కథను విడిగా జిరాక్సు తీసి దాచుకుని ఉంటే ఇవన్నీ పోయేవి. సంచికకు సంచిక దాచడంలోని విలువ నాకు ఆ పేజీ దగ్గర బోధపడింది.

అంతకంటే గొప్పది జాబితా. కథ పేరు, రచయిత, పత్రిక, నెల, సంవత్సరం. వినడానికి తేలిక. చేయబోతే ప్రతి గడిలోనూ ఒక చిక్కు. ఒకే మనిషి మూడు కలంపేర్లతో రాస్తాడు. ఒకే పేరుతో ఇద్దరు రాస్తారు. పెళ్లయిన రచయిత్రుల ఇంటిపేరు మారగానే జాబితాలో వాళ్లు ఇద్దరు మనుషులైపోతారు. వాళ్లను మళ్లీ ఒక్కరిని చేయాలంటే ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లు కావాలి. కంప్యూటర్ ఆ పని చేయలేదు. ఊళ్లో నలుగురు కలిసి కూర్చుని, ఈవిడ ఫలానావారి కోడలే కదా అని తేల్చవలసిందే. ఇలా తేల్చిన వివరాలు ఇప్పుడు స్కాన్ చేసిన కథలతో పాటు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఒక్క సంచిక మిగలడం ఎంత పెద్ద సంగతో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఆధునిక తెలుగు కథ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’తో మొదలైందని చాలాకాలం చెప్పుకున్నాం. తర్వాత 1902 నాటి ‘హిందూసుందరి’ బయటికి వచ్చింది. అందులో భండారు అచ్చమాంబ కథ ఉంది. ఆ పత్రికను ఎవరూ దాచకపోయి ఉంటే, ఒక స్త్రీ ఎనిమిదేళ్ల ముందే రాసిన మాట మన చరిత్రలో ఉండేది కాదు. ఏది తొలి కథ అనే వాదం ఇంకా సాగుతుంది, సాగనివ్వండి. వాదించడానికైనా సంచిక చేతిలో ఉండాలి కదా.

శనివారం, శ్రీకూర్మం

పొద్దున్నే గార వైపు బస్సు పట్టుకుని శ్రీకూర్మంలో దిగాను. నాతో ఒక రిటైర్డు తెలుగు మాస్టారు వచ్చారు. కూర్మనాథస్వామి గుళ్లో తాబేళ్లకు ఆకుకూర పెట్టే పిల్లల సందడి దాటి, స్తంభాల మంటపంలో ఒక మూల నిలబెట్టి, “బాబూ, మీరు వెతుకుతున్న రిజిస్టరు ఇదే” అన్నారు.

నల్లటి స్తంభాల నిండా అక్షరాలు. తెలుగులో కొన్ని, సంస్కృతంలో కొన్ని. కళింగను ఏలిన తూర్పు గాంగుల కాలంలో ఇక్కడ అధికారం నెరపిన ద్వైత గురువు నరహరితీర్థుల శాసనం 1281 నాటిది. పండితులు దాన్ని గురించి చాలా రాశారు. నాకు మాత్రం చిన్న శాసనాల మీద మనసు పోయింది. ఫలానా శక సంవత్సరం, ఫలానా తిథి, ఫలానావారు స్వామి సన్నిధిలో అఖండదీపం వెలిగించడానికి ఇన్ని గండమాడలు, అంటే ఆనాటి బంగారు నాణేలు, ఇచ్చారు, దీపం చూసే పని ఫలానావారిది, చివర ‘శ్రీవైష్ణవ రక్ష’. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎప్పుడు, ఎందుకు, దాని బాధ్యత ఎవరిది? ఒక భాండాగారంలో వస్తువు చేరినప్పుడు రిజిస్టరులో రాయవలసినవి సరిగ్గా ఈ అయిదే. ఏడువందల ఏళ్ల కిందటి ఒక ఇల్లాలి పేరు ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే ఆ అయిదూ రాతి మీదికి ఎక్కబట్టే.

మాస్టారు ఒక స్తంభం దగ్గర వంగి చదవడం మొదలుపెట్టారు. కిందివైపు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. మనిషి భుజం తగిలే ఎత్తులో ఉన్నవి మాత్రం తరతరాల తాకిడికి నున్నబడ్డాయి. ఫోను లైటును ఎదురుగా వేస్తే ఏమీ కనబడలేదు. ఆయన నా చేయి పట్టుకుని లైటును స్తంభానికి ఆనించి పక్క నుంచి వేయించారు. గాట్లలో నీడ పడగానే మొత్తం వరుస లేచి నిలబడింది. శాసనాలు చూడబోయేవాళ్లు ఈ చిన్న ఉపాయం గుర్తుపెట్టుకోవాలి.

ఈ అక్షరాలను శాసనశాఖవాళ్లు అచ్చు తీసి ప్రచురించారు. శుభ్రం చేసిన రాతి మీద తడిపిన కాగితం పరిచి, కుచ్చుతో కొట్టి, గాట్లలోకి దిగేదాకా అదిమి, పైన సిరా అద్దుతారు. అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో ఉన్నాయి. ఆ సంపుటం మంటపంలో ఒక బల్ల మీద ఉంటే, ఊళ్లో పదో తరగతి పిల్లలకు ఆదివారం పూట ఒక్కో స్తంభం ఇచ్చి చదివిస్తే ఎంత బాగుంటుంది! మాస్టారు వెంటనే “నేను చెబుతాను, పిల్లలను మీరు పోగుచేయండి” అన్నారు. ఆయన ఉత్సాహం చూస్తే ఇది జరిగేలాగే ఉంది.

సాయంత్రం మళ్లీ కథానిలయంలో చీకటి పడేదాకా కూర్చున్నాను.

ఆదివారం, శాలిహుండం

వంశధార దక్షిణపు ఒడ్డున కొండ, దాని మీద పాత బౌద్ధ క్షేత్రం. మెట్లు ఎక్కుతుంటే ఇటుక చైత్యాలు, స్తూపాల పునాదులు ఒక్కొక్కటే బయటపడతాయి. పైనుంచి నది సముద్రం వైపు వెడల్పుగా తిరగడం కనబడుతుంది. కింద మ్యూజియంలో తవ్వకాల్లో దొరికిన విగ్రహాలు ఉన్నాయి. చూడవలసిన చోటే. కానీ నన్ను ఇక్కడికి రప్పించింది దీన్ని కనిపెట్టిన మనిషి.

శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తిగారు. వాడుకభాష ఉద్యమం ఆయనకు తెచ్చిన పేరు ఎంత పెద్దదంటే, మిగతా పనంతా దాని వెనుక ఉండిపోయింది. పుట్టింది ఈ జిల్లాలోనే, పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. పర్లాకిమిడిలో బడిపంతులు. అక్కడి కొండల్లోని సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. తనంతట తానే శాసనాలు చదవడం నేర్చుకున్నారు. నడగాంలో దొరికిన గాంగరాజు వజ్రహస్తుని రాగిరేకులను, శక సంవత్సరం 979 నాటివి, శాసనాలు ప్రచురించే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో పరిష్కరించారు. గాంగుల రాజధాని కళింగనగరం మన ముఖలింగమేనని వాదించారు. ఆయనకు ఈ పని అప్పజెప్పినవాళ్లు ఎవరూ లేరు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగే అలవాటు, కనబడినదాన్ని వెంటనే రాసిపెట్టుకునే అలవాటు. స్థానిక చరిత్రకు ఈ రెండిటికి మించిన పెట్టుబడి నాకు తోచడం లేదు.

కళింగపట్నం కూడా వెళ్లాను. లైట్‌హౌసు, ఇసుక, నది కలిసే చోటు. ఎండ ఎక్కువగా ఉండడంతో త్వరగా తిరిగొచ్చాను.

సోమవారం, పొందూరు పక్క ఊరు

ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు కూర్చున్నది ఒక అటక కింద.

పొందూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారిలో ఖద్దరు నేసేవాళ్ల వీధిలో ఆగాం. ఒకావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్నారు. దవడ మీది సన్నని పళ్ల వరుస గింజను అంటిన పీచును నిలువుగా సాపు చేసి, నలకలను బయటికి లాగేస్తుంది. ఎంత మెత్తగా దువ్వితే నూలు అంత సన్నగా వస్తుందట. ఆ దవడ ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నాళ్లు పనికొస్తుంది, ఏ పత్తికి వాడతారు అని అడిగితే ఆవిడ చేయి ఆపకుండానే అన్నీ చెప్పారు. ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఈ దవడను పెట్టి ‘చేప ఎముక’ అని చీటీ అంటించారనుకోండి, వస్తువు మిగులుతుంది, పని పోతుంది. ఆవిడ మాటలను కూడా, ఆవిడ అనుమతితో, రికార్డు చేసి పక్కన పెట్టాలి.

తర్వాత చేరింది ఒక పాత కరణంగారి ఇల్లు. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. సర్కారు లెక్కలు సర్కారుకు అప్పజెప్పినా, ఇంటి కాగితాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి. మనవడు ఇంజినీరింగు చదువుతున్నాడు. ఇద్దరూ కలిసి అటక మీది నుంచి గుడ్డ మూటలు దించారు. మూటల్లో ఎండి పొడైన వేపాకు. ఒక మూటకు చెదలు పట్టి నడుమంతా సొరంగాలు పడ్డాయి. తిత్లీ తుఫానులో పెంకులు లేచిపోయి తడిసిన మూట ఒకటి గట్టిగా బిగుసుకుంది. దాన్ని విప్పవద్దని చెప్పాను. బలవంతాన విడదీస్తే అక్షరం ఊడి పక్క పేజీకి అంటుకుంటుంది.

విప్పగలిగినవి విప్పాం. శిస్తు రసీదులు, కౌలు కాగితాలు, జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు దస్తావేజులు, పసుపు అంచుల శుభలేఖలు, నాలుగు తాళపత్రాల కట్టలు, రంగూన్ నుంచి వచ్చిన జాబులు. ఈ తీరం నుంచి వేలమంది బర్మా వెళ్లి కూలి చేసుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఎంతోమంది కొండలు, అడవులు నడిచి తిరిగొచ్చారు. ఆ చరిత్ర పుస్తకాల్లో అంకెలుగా ఉంటుంది. ఇక్కడ ఒక అన్న తమ్ముడికి, డబ్బు పంపాను, గొడ్డుసావిడి పైకప్పు వేయించు, అమ్మకు కళ్లు చూపించు అని రాస్తున్నాడు.

నన్ను కట్టిపడేసినవి పంచాంగాలు. ఇంటి యజమాని ఏటా పంచాంగం అంచుల్లో పెన్సిలుతో రాసుకున్నారు. ‘ఎర్రావు ఈనినది. పెయ్య.’ ‘నాగులచవితి. రాత్రి వాన.’ ‘నూలు ఇచ్చి పంచెలు రెండు తెచ్చితిమి.’ తిథి పక్కనే రాశారు కాబట్టి రోజు కచ్చితంగా తెలుస్తుంది. వానల లెక్క, పశువుల లెక్క, ఖద్దరు సంఘంతో ఇచ్చిపుచ్చుకోవడాలు, ఇన్నేళ్ల ఊరి జీవితం అంతా ఆ అంచుల్లోనే ఉంది. పెద్దావిడ ఒక పేజీ చూసి “ఈ పెయ్యను నాకు తెలుసు బాబూ, నన్ను కాపురానికి తెచ్చినప్పటికి ఇది పాడి ఆవు” అన్నారు. మనవడు చప్పున ఫోను తీసి ఆ మాట రికార్డు చేశాడు.

సమస్య ఎక్కడంటే, ఏ కాగితం ఎవరిదో చెప్పగలిగినది ఇప్పుడు ఆవిడ ఒక్కరే. కాగితాన్ని చెదలు తినడానికి చాలాముందే దాని చిరునామా పోతుంది. అందుకని ఆ మధ్యాహ్నమంతా కూర్చుని మూటల వారీగా చీటీలు రాశాం. మూట ఎక్కడ దొరికింది, లోపల ఏముంది, ఎవరి చేతిరాత, ఎవరు చెప్పారు, తేదీ. మూటల వరుస చెరపలేదు. మనకు అస్తవ్యస్తంగా కనబడినా, కట్టినవాళ్లకు ఒక లెక్క ఉంటుంది. శుభలేఖలన్నీ ఒకచోట, దస్తావేజులన్నీ ఒకచోట వేశామంటే ఆ లెక్క మాయమవుతుంది.

మనవడికి మరికొన్ని చెప్పాను. చిరిగినచోట సెలోటేపు అంటించవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరక అవుతుంది, మళ్లీ ఊడదు. లామినేషను అసలే వద్దు. గుండుసూదులు తీసేసి నూలుదారం కట్టు. కాగితం మీద ఏమైనా రాయవలసి వస్తే మెత్తటి పెన్సిలుతో వెనుక మూలన రాయి. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పూసే పద్ధతి ఉంది, తెలిసినవాళ్లు చూశాకే చేయించు. అన్నిటికంటే ముందు, కిటికీ వెలుతురులో ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫొటో. ఖాళీగా ఉన్నదనుకున్న వెనుకవైపే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది.

దస్త్రాల కోసం ఈ ప్రాంతంవాళ్లు ఎక్కడికి పోవాలో కూడా మాట్లాడుకున్నాం. శ్రీకాకుళం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలోది, ఇంగ్లీషు కాగితాల్లో చికాకోల్. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం అటు పోయింది, శ్రీకాకుళం వైపు ఊళ్లు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి ఒరిస్సాకు పోవడం గిడుగువారికి ఎంత కష్టమనిపించిందంటే, ఆయన ఊరే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. ఒకే ఊరు కదలకుండా ఇన్ని జిల్లాలు మారింది. దాని కాగితాలు ఒక్కో మార్పుకు ఒక్కో దిక్కు పోయాయి. అటక మీది మూట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊరి కాగితాలు ఊళ్లోనే ఉండాలని నేను గట్టిగా నమ్మడానికి ఇదే కారణం. నకళ్లు ఎన్ని చోట్లకైనా పోనివ్వండి.

మంగళవారం, విజయనగరం

పొందూరులో పాసింజరు ఎక్కితే సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటి విజయనగరం. కోట, గంటస్తంభం చూసే యాత్రికులు చాలామందే ఉన్నారు. సంగీత కళాశాల ముందు కాసేపు నిలబడ్డాను. 1919లో మొదలైన ఆ పాఠశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. లోపల ఎవరో పిల్ల వయొలిన్ మీద వర్ణం సాధన చేస్తోంది.

గురజాడ ఇంట్లో ఎక్కువసేపు ఉన్నాను. ఆయన, గిడుగు విజయనగరంలో కలిసి చదువుకున్న మిత్రులు. ఇద్దరూ శాసనాలు చదివినవాళ్లే. గురజాడ విజయనగరం రాజు ఆనంద గజపతి సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. ‘కన్యాశుల్కం’ 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడింది. అన్ని రకాల మాట తీరులను అంత కచ్చితంగా పట్టుకున్న చెవికీ, అరిగిన అక్షరాన్ని ఓపికగా చదివే కంటికీ సంబంధం ఉందని నా నమ్మకం. ఆయన డైరీలు రాశారు, ఎక్కువగా ఇంగ్లీషులో. 1915లో పోయారు. తర్వాతివాళ్లు ఆ కాగితాలను చదివి, అర్థం చేసుకుని, అచ్చుకు ఇవ్వబట్టి ఆయన ఆలోచనలు మనకు తెలుస్తున్నాయి. చేతిరాత పోల్చుకోవడం, తేదీ లేని చీటీకి తేదీ కట్టడం, పొడి అక్షరాల వెనుక ఉన్న మనిషి ఎవరో కనుక్కోవడం ఎంత కష్టమో నిన్నటి మధ్యాహ్నం తర్వాత నాకు ఇంకా బాగా తెలిసింది.

అక్కడ ఉండగానే మనవడు ఫోను చేశాడు. రాత్రి కూర్చుని ఒక మూట జాబితా పూర్తిచేశాడట. పంచాంగాల ఫొటోలు కథానిలయంవాళ్లకు, తమ ఊరి బడికి ఇవ్వాలనుకుంటున్నారు. అసలు కాగితాలు ఇంట్లోనే, నేలకు ఎత్తుగా, ఇనుప బీరువాలో. ఒక్క సందేహం మిగిలింది. రంగూన్ జాబుల్లో కొన్ని కుటుంబ విషయాలు ఉన్నాయి, వాటిని అందరికీ చూపడం మామ్మకు ఇష్టం లేదు. చింపేయమంటారేమోనని అతని భయం.

చింపవద్దు, వేరే కవరులో పెట్టు, మామ్మగారు ఎన్నాళ్లు చూపవద్దంటే అన్నాళ్లు అని కవరు మీద రాయించు అన్నాను. గంట తర్వాత కవరు ఫొటో పంపాడు. ‘జాబులు నాలుగు. నా తదనంతరం ఇరవై ఏళ్లకు చదువుకోవచ్చును’ అని ఆవిడే స్వయంగా రాసి, కింద సంతకం, తేదీ పెట్టారు. మిగిలిన జాబులన్నీ ఎవరు అడిగినా చూపవచ్చట.